నాలుగున్నర నెలల బాబుతో అరకు ట్రిప్, డబ్బా పాలు దారిలో ఎలా మేనేజ్ చేయాలి?

చంటోడి అమ్మ (హైదరాబాద్):

హాయ్ అందరికీ, పెద్ద పోస్టే, కొంచెం ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా బాబుకి నాలుగున్నర నెలలు, రెండో నెల నుంచి పూర్తిగా డబ్బా పాలే (ఎందుకని మాత్రం అడగొద్దు, చుట్టాలందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది, డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాం). ఇప్పుడు సంగతేంటంటే బెంగళూరు నుంచి మా ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు, డిసెంబర్ ఆఖర్లో అందరం కలిసి అరకు అని మావయ్యగారు నన్ను ఒక్క మాట అడక్కుండా టికెట్లు తీసేశారు. సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కి తెల్లారేసరికి వైజాగ్, అక్కడ కిరండూల్ పాసింజర్ ఎక్కి మధ్యాహ్నం లోపు అరకు, రెండు రాత్రులు అక్కడే, వచ్చేటప్పుడు కారులో ఘాట్ రోడ్డు మీదుగా బొర్రా గుహలు చూసుకుంటూ వైజాగ్, మళ్ళీ రాత్రి రైలు. మొత్తం పదకొండు మందిమి.

బాబు బరువు 6.2 కిలోలు, రోజుకి ఆరుసార్లు 150 ఎంఎల్ చొప్పున తాగుతాడు, రాత్రి ఒంటిగంటకోసారి నాలుగున్నరకోసారి గడియారం పెట్టినట్టు లేస్తాడు. ఇంట్లో అయితే స్టెరిలైజర్ ఉంది, స్టవ్ ఉంది, ఏ గోలా లేదు. రైల్లో ఎలా? అత్తయ్యగారేమో ఒక ఫ్లాస్కు నిండా పాలు కలిపి పెట్టేసుకుంటే పోలా, ఇంత హంగామా ఎందుకు, మేం పిల్లల్ని పెంచలేదా అంటున్నారు. మా ఆయనేమో పాంట్రీ అతన్ని అడిగితే వేడినీళ్ళు ఇస్తాడులే అని తేలిగ్గా తీసేస్తున్నారు. రైల్లో ప్లగ్ ఉంటుంది కదా, చిన్న కెటిల్ పట్టుకెళ్తే సరిపోతుందా? ఎన్ని సీసాలు తీసుకెళ్ళాలి? బిస్లరీ నీళ్ళతో డైరెక్టుగా కలపొచ్చా? నిజంగా నాకు ట్రిప్ అన్న సంతోషమే లేదు, పడుకుంటే ఇవే ఆలోచనలు.

కవలల తల్లి (గుంటూరు):

అమ్మాయ్, ముందు భయం పక్కన పెట్టు. నేను ఇద్దరు కవలల్ని ఐదో నెలలో తిరుమల తీసుకెళ్ళొచ్చిన దాన్ని, పుట్టువెంట్రుకలు తీయించాలని మొక్కు. ఒక్కడైతే ఏముంది చెప్పు.

కెటిల్ మాట మర్చిపో. రైల్లో ఆ ప్లగ్గులు ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ మాత్రమే, కెటిల్ పెట్టడం రైల్వే వాళ్ళు నిషేధించారు, పట్టుకుంటే కేసు. అయినా బోగీలో షార్ట్ సర్క్యూట్ అయితే మనకే ప్రమాదం కదా.

సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకో. పాలు మోసుకెళ్ళకు, నీళ్ళు వేరే, పొడి వేరే మోసుకెళ్ళు. బాగా మరిగిన నీళ్ళు స్టీలు ఫ్లాస్కులో, పొడి ఒక్కో పూటకి సరిపడా కొలిచి చిన్న చిన్న డబ్బాల్లో. మీవాడికి 150 ఎంఎల్ అంటే మామూలుగా ఐదు స్కూపులు (30 ఎంఎల్‌కి ఒకటి, కానీ నీ డబ్బా మీద ఏముందో ఒకసారి చూసుకో, కంపెనీని బట్టి మారుతుంది). ఆ ఐదు స్కూపులు ఇంట్లోనే, తడిలేని చేత్తో, కత్తితో గీసి సమంగా కొలిచి ఒక్కో డబ్బాలో పోసి పెట్టుకో. ఊగే రైల్లో అర్ధరాత్రి నిద్రకళ్ళతో స్కూపులు లెక్కపెట్టడం అంత నరకం ఇంకోటి లేదు, మూడా నాలుగా అని అనుమానం వస్తుంది, పారబోసి మళ్ళీ కలపాలి. మూడు అరలుండే పాలపొడి డబ్బాలు బేబీ షాపుల్లో దొరుకుతాయి, అలాంటివి రెండు తీసుకో.

ఫ్లాస్కు పెద్దది ఒకటి కాదు, లీటరువి రెండు. ఒకటి రాత్రికి. రెండోది పొద్దున దాకా మూత కూడా తీయొద్దు, తీసినకొద్దీ వేడి పోతుంది. సీసాలు ఆరు, అన్నీ ఇంట్లో మరిగించి ఆరాక నిపుల్ పెట్టి మూత బిగించి శుభ్రమైన కవర్లో పెట్టుకో. తాగినవి దారిలో కడగనే కడగొద్దు, ఊరికే ఒకసారి నీళ్ళతో తిప్పి వేరే కవర్లో పడెయ్, హోటల్‌కి వెళ్ళాక చూసుకోవచ్చు. రైల్లో వాష్ బేసిన్ నీళ్ళతో సీసాలు కడగడమంటే కొత్త రోగం తెచ్చుకోవడమే.

ఇంకోటి, వేడినీళ్ళు పోసి నిపుల్ బిగించి గట్టిగా గిలకొట్టావనుకో, లోపలి ఆవిరికి పాలు చిమ్ముతాయి. మా రైల్లో ఎదురు బెర్త్ పెద్దాయన తెల్ల చొక్కా మీదికి పోయాయి, ఆయన ఏమీ అనలేదు కానీ తిరుపతి దాకా నన్ను చూస్తూనే ఉన్నాడు. మెల్లగా గుండ్రంగా తిప్పు చాలు.

ఓరుగల్లు నాన్న:

అక్కా ఫ్లాస్కుల పాలు కలిపి పెట్టుడు మాత్రం చెయ్యకు, నీకు దండం పెడ్త. మేం చేసినం, అనుభవించినం. మా పాపకు ఐదు నెలలప్పుడు భద్రాచలం పోయి ఆడికెంచి పాపికొండలు బోటు ఎక్కినం. మా అమ్మ కూడ మీ అత్తమ్మ లెక్కనే, పొద్దుగాల ఆరింటికి ఫ్లాస్కు నిండ పాలు కలిపి ఇచ్చింది, నేను కూడ ఏమనలే, మంచిగనే ఉంది గదా అనుకున్న. ఎనిమిదింటికి తాగిపిచ్చినం, పదకొండింటికి తాగిపిచ్చినం, రెండింటికి మిగిలినవి కూడ తాగిపిచ్చినం. పాలు చూస్తే విరగలే, వాసన రాలే, గోరువెచ్చగ మస్తుగ ఉన్నయి. రాత్రి పది దాటినంక వాంతులు, తెల్లారెటాల్లకు తొమ్మిదిసార్లు మోషన్స్. తొమ్మిది! నేనే లెక్కపెట్టిన. బోటు ఫొటోలు గిట్ల ఏం చూడలే ఇప్పటిదాంక, చూడబుద్ధి కాలే. పొద్దున దవాఖానకు తీస్కపోతే ఆ డాక్టర్ సారు అడిగిన మొదటి మాట, పాలు ఎప్పుడు కలిపిన్రు అని. రెండు రోజులు సెలైన్ ఎక్కిచ్చిన్రు, గా చిన్న చెయ్యికి సూది దొరకక మూడు చోట్ల గుచ్చిన్రు.

మా అమ్మ తప్పు గాదు, ఆమెకు తెల్వది. మనమే చెప్పాలె.

సంప్రదాయం ముఖ్యం:

ఇదంతా ఎందుకండీ, తల్లిపాలు ఇస్తే ఈ ఫ్లాస్కులు, సీసాలు ఏమీ అక్కర్లేదు కదా. ఈ కాలం ఆడపిల్లలకి ఓపిక లేదు.

కవలల తల్లి (గుంటూరు):

సంప్రదాయం గారూ, ఆ అమ్మాయి మొదటి పేరాలోనే అడగొద్దు అని రాసింది, మీకు చదివే ఓపిక లేనట్టుంది. ప్రశ్నకి సమాధానం తెలిస్తే చెప్పండి, లేదంటే కాఫీ తాగండి.

వార్డు సిస్టర్ (విజయనగరం):

నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, పదిహేనేళ్ళుగా ఇదే పని. ఓరుగల్లు నాన్న గారు చెప్పిన కేసు సెలవులొస్తే మాకు వారానికొకటి వస్తుంది. సంక్రాంతి అయిన మర్నాడు నుంచి వార్డు నిండిపోతుంది.

ఎందుకలా అవుతుందో చెప్తాను, అత్తగారికి చెప్పడానికి పనికొస్తుంది. పాలపొడి డబ్బా మీద ఎంత పెద్ద సీలు ఉన్నా లోపలి పొడి స్టెరైల్ కాదమ్మా. అందులో క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటి క్రిములు కొద్దిగా ఉండే అవకాశం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్ళతోనే పొడి కలపమంటారు, ఆ వేడికి అవి చస్తాయి. గోరువెచ్చని నీళ్ళతో కలిపితే చావవు సరికదా హాయిగా పెరుగుతాయి. ఇక కలిపిన పాలు ఫ్లాస్కులో వెచ్చగా దాచడమంటే పెరుగు తోడుపెట్టడమే అనుకోండి, గోరువెచ్చని పాలు కప్పిపెట్టి ఉంచితే ఏమవుతుందో మన అందరికీ తెలుసు కదా, తోడు మాత్రం మనం వేసింది కాదు. అత్తగారికి ఈ ముక్క చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

కాబట్టి ఫ్లాస్కులో నీళ్ళు కళపెళా మరిగినవి, అంచుదాకా నింపి, వెంటనే బిగించండి. సగం నింపితే తొందరగా చల్లారుతుంది. మంచి ఫ్లాస్కు నిండుగా ఉంటే చాలా గంటలు 70 పైనే ఉంటుంది, కానీ అన్నీ ఒకలా ఉండవు, ట్రిప్‌కి వారం ముందే ఇంట్లో టెస్ట్ చేసుకోండి. సాయంత్రం పోసి పొద్దున తీసి వంటింటి థర్మామీటర్ పెట్టి చూడండి, ఒంటి జ్వరం చూసేది పెట్టకండి, పగిలిపోతుంది.

కలిపేటప్పుడు నీళ్ళు ముందు, పొడి తర్వాత. 150 గీత దాకా వేడినీళ్ళు పోసి, పొడి వేసి, మూత పెట్టి తిప్పి, ఆ సీసాని చల్లనీళ్ళున్న స్టీలు గ్లాసులో ఐదారు నిమిషాలు నిలబెట్టండి, నీళ్ళు నిపుల్ దాకా రాకూడదు. పైన తుడిచి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూడండి. అంటే బాబు ఏడ్చాక మొదలుపెడితే బోగీ అంతా లేస్తుంది. ఒంటిగంటకి లేస్తాడని తెలుసు కదా, పన్నెండూ యాభైకి అలారం పెట్టుకోండి.

బిస్లరీ కానీ రైల్ నీర్ కానీ తాగే నీళ్ళే, స్టెరైల్ నీళ్ళు కాదు, అవి కూడా మరిగించాకే. మినరల్ వాటర్ అని ఖరీదైనవి వస్తాయి చూడండి, కొన్నిట్లో సోడియం ఎక్కువుంటుంది, వాటి జోలికి పోకండి. పాంట్రీ నీళ్ళు ఎప్పుడు మరిగాయో మనకి తెలీదు, పైగా కాఫీకి సరిపోయే వేడితో ఇస్తారు. తప్పనిసరైతే ఎదురుగా మరిగించి పోయమనండి.

కలిపిన పాలు బయట ఉంటే రెండు గంటలు, బాబు నోరు పెట్టాక గంట, అంతే, మిగిలింది పారబోయండి. సగం పాలు పారబోస్తుంటే పెద్దవాళ్ళకి ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు.

నీళ్ళు ఎక్కువ పోసి పల్చగా చేయొద్దు, ప్రయాణంలో పొడి అయిపోతుందని ఇలా చేస్తారు, చాలా ప్రమాదం. మీ లెక్క చూస్తే రోజుకి ముప్పై స్కూపులు, స్కూపు సుమారు నాలుగున్నర గ్రాములు, అంటే రోజుకి 135 గ్రాములు. 400 గ్రాముల డబ్బా మూడు రోజులకే ఖాళీ. మీది రెండు రైలు రాత్రులతో కలిపి నాలుగు రోజుల పైమాటే, కాబట్టి విప్పని డబ్బా ఇంకొకటి పెట్టెలో ఉండాలి. అదే కంపెనీ, అదే స్టేజ్ (వయసుని బట్టి డబ్బా మీద ఉండే నంబరు). అరకులో మెడికల్ షాపులున్నాయి కానీ మీకు కావాల్సిందే ఉంటుందని నమ్మకం లేదు, ట్రిప్ మధ్యలో కంపెనీ మార్చడం అస్సలు వద్దు.

మోషన్స్ గానీ పట్టుకుంటే ఇంటి వైద్యం చేయకండి. ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మాడు గుంటపడినా, బాబు మగతగా ఉన్నా ఆ క్షణమే హాస్పిటల్.

చంటోడి అమ్మ (హైదరాబాద్):

సిస్టర్ గారూ పెరుగు తోడుపెట్టే పోలిక అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే రెండు ఫ్లాస్కులు కొను" అన్నారు. మీకు పాదాభివందనం. రెండో డబ్బా కూడా తీసుకుంటాను. ఇంకో డౌట్, ఆన్‌లైన్‌లో ఏదైనా ఆఫర్ ఉందేమో అని చూశాను, ఒక్క కంపెనీ కూడా డిస్కౌంట్ ఇవ్వట్లేదు ఏంటి, డైపర్లకేమో సగానికి సగం ఇస్తారు?

వార్డు సిస్టర్ (విజయనగరం):

చట్టం ఒప్పుకోదమ్మా. 1992లో వచ్చిన చట్టం ఉంది, 2003లో ఇంకా గట్టి చేశారు, పసిపిల్లల పాలపొడికి, పాల సీసాలకి ప్రకటనలు, ఫ్రీ శాంపిళ్ళు, తగ్గింపులు ఏవీ ఇవ్వకూడదు. ఎవరైనా ఆఫర్ అని చెప్తే ఎక్స్‌పైరీ దగ్గర పడిందేమో అనుమానించండి.

మనవరాలి అమ్మమ్మ:

అమ్మలూ మీరందరూ సీసాలు సీసాలు అంటున్నారు, ఉగ్గు గిన్నె అని ఒకటుంది గుర్తుందా ఎవరికైనా? మా ఇంట్లో వెండిది ఉంది, నాలుగు తరాల పిల్లలు తాగారు. మూతి దగ్గర చిన్న కొమ్ములా ఉంటుంది, అందులోంచి కొంచెం కొంచెంగా పోస్తే పిల్ల చప్పరిస్తుంది. ఇదేదో పాతకాలపు చాదస్తం అనుకోకండి, మా మనవరాలు నెలలు నిండకుండా పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మలే దాంతో పట్టడం నేర్పించారు. లాభం ఏంటంటే నిపుల్ లేదు, సందులు లేవు, బ్రష్ అక్కర్లేదు, ఏ టీ కొట్టులోనైనా గిన్నెడు నీళ్ళు మరిగించి పది నిమిషాలు ముంచితే చాలు. సీసాలన్నీ అయిపోయినా పడిపోయినా ఇదొకటి సంచిలో ఉంటే ధైర్యం. కాకపోతే ఇంట్లోనే నాలుగు రోజులు అలవాటు చెయ్యండి, కొత్తగా రైల్లో మొదలుపెడితే సగం మెడలోకి పోతాయి. పిల్లవాణ్ణి పడుకోబెట్టి పొయ్యకూడదు, తల ఎత్తి పట్టుకోవాలి.

ఘాట్ రోడ్డు గురించి ఎవరూ చెప్పలేదు. మలుపుల్లో కారు నడుస్తుండగా పాలు పట్టొద్దు, కక్కేస్తాడు. కొండ ఎక్కే ముందో దిగే ముందో ఎక్కడైనా ఆపించి, పట్టి, భుజం మీద వేసుకుని తేన్పు వచ్చాక ఇంకో ఇరవై నిమిషాలు ఆగి అప్పుడు బయల్దేరండి. పదకొండు మంది తొందర పెడతారు, వినకు.

డాలస్ కోడలు:

మేం ప్రతి ఏడాది ఇండియా వస్తాం కాబట్టి విమానం సంగతి నేను చెప్తా, ఎవరికైనా ఉపయోగపడుతుందని. అమెరికాలో సెక్యూరిటీ దగ్గర ద్రవాలకి 100 ఎంఎల్ లిమిట్ ఉంది కానీ పసిపిల్లల పాలకి అది వర్తించదు, బ్యాగులోంచి తీసి ముందే చెప్పాలి, వేరుగా చెక్ చేస్తారు. ఇక్కడ రెడీగా కలిపిన పాలు సీల్డ్ సీసాల్లో దొరుకుతాయి, మూత తీసి నిపుల్ పెట్టి ఇచ్చేయడమే, ఫ్లైట్‌కి నేను అవే వాడాను, ఖరీదెక్కువ కానీ ఆ ఇరవై రెండు గంటలకి పర్లేదు. ఇండియాలో మెడికల్ షాపుల్లో అడిగితే నాకు దొరకలేదు. మా పెద్దాడప్పుడు చేసిన తప్పు ఏంటంటే డబ్బాలన్నీ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టా, కనెక్టింగ్ ఫ్లైట్ తొమ్మిది గంటలు లేటు, చేతిలో రెండు పూటలకే పొడి. ఆ ఎయిర్‌పోర్టులో తెలుగమ్మాయి ఒకామె తన పాప డబ్బాలోంచి ఇచ్చింది, పేరు కూడా అడగలేదు నేను. అప్పట్నుంచి మూడు రోజులకి సరిపడా పొడి ఎప్పుడూ చేతి సంచిలోనే. ఇంకా టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు సీసా నోట్లో పెడితే చెవులు పట్టేయవు.

చంటోడి అమ్మ (హైదరాబాద్):

వచ్చేశాం! ట్రిప్ ఎలా అయిందో చెప్తాను.

ఫ్లాస్కులు టెస్ట్ చేశా. మా పెళ్ళిలో ఎవరో ఇచ్చినది సాయంత్రం ఆరుకి పోస్తే పొద్దున ఏడుకి 58, కొత్తగా కొన్నది 74. పెళ్ళి ఫ్లాస్కుకి రిటైర్మెంట్ ఇచ్చి ఇంకో కొత్తది కొన్నాం. రైల్లో రెండో ఫ్లాస్కు మీద అత్తయ్యగారే తెల్ల ప్లాస్టర్ అంటించి "బాబు నీళ్ళు" అని రాశారు. పన్నెండూ యాభై అలారం సూపర్‌గా పనిచేసింది, బాబు కళ్ళు తెరిచేసరికి సీసా రెడీ, బోగీలో ఎవరికీ తెలియలేదు. అంతా బాగుంది అనుకుంటుండగా తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చూస్తే మావయ్యగారు ఆ ప్లాస్టర్ ఫ్లాస్కు మూత తీసి ఇన్‌స్టంట్ కాఫీ కలుపుకుంటున్నారు, తనకొక్కడికే కాదు, మా ఆడపడుచు భర్తకి కూడా! చీకట్లో ప్లాస్టర్ కనపడలేదట. అత్తయ్యగారు ఆయన్ని చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను. మొదటి ఫ్లాస్కులో మిగిలినవి ఆ పూటకి సరిపోయాయి, వైజాగ్ స్టేషన్ బయట టీ కొట్టతన్ని బతిమాలి శుభ్రమైన గిన్నెలో మా ఎదురుగా మరిగించి నింపించుకున్నాం, డబ్బులిస్తే చంటిపిల్లాడి నీళ్ళకి డబ్బులేంటమ్మా అని తీసుకోలేదు.

కిరండూల్ పాసింజర్‌లో ఒక్కటే ఇబ్బంది, సొరంగాలు. బోలెడున్నాయి కదా, ప్రతి సొరంగంలోనూ పిల్లలందరూ ఓ... అని కేకలు, వీడు ఉలిక్కిపడి నిపుల్ వదిలేయడం, వెలుతురు రాగానే మళ్ళీ పట్టుకోవడం. 150 తాగడానికి ముప్పావుగంట పట్టింది.

అరకులో హోటల్ రూములో కెటిల్ ఉంది కానీ మూత తీస్తే మ్యాగీ మసాలా వాసన గుప్పుమంది, ఎవరో అందులోనే వండుకున్నట్టున్నారు. మన సొంత చిన్న కెటిల్ పట్టుకెళ్ళాం కాబట్టి బతికాం, రైల్లో బయటికి తీయలేదు లెండి. సీసాలు మరిగించడానికి కిచెన్ వాళ్ళు పెద్ద గిన్నె ఇచ్చారు. అక్కడ చలికి పాలు అనుకున్నదానికంటే తొందరగా చల్లారిపోతాయి, గ్లాసులో రెండు మూడు నిమిషాలు చాలు. ఉగ్గు గిన్నె ఒక్కసారే వాడాల్సి వచ్చింది, బొర్రా దగ్గర సీసా చేతిలోంచి జారి మట్టిలో పడినప్పుడు. అమ్మమ్మ గారూ, సగం మెడలోకే పోయాయి, కానీ ఊరుకున్నాడు. రెండో డబ్బా మూడో రోజు సాయంత్రం విప్పాం, సిస్టర్ గారి లెక్క కరెక్టు. మోషన్స్ లేవు, వాంతులు లేవు, వచ్చాక బరువు చూస్తే 6.4.

ఒక చిన్న డౌట్, ఆ రెండో ఫ్లాస్కు మూత దగ్గర ఇప్పటికీ కాఫీ వాసన పోవట్లేదు. ఏం చేయాలి?

కవలల తల్లి (గుంటూరు):

మూత లోపలి రబ్బరు రింగు ఊడొస్తుంది చూడు, పుల్లతో మెల్లగా తీసి వంటసోడా కలిపిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టు, తర్వాత బాగా కడిగి ఎండలో ఆరబెట్టు. అప్పటికీ పోకపోతే ఆ ఫ్లాస్కు మావయ్యగారికే ఇచ్చేయ్.